రోగి శరీరము తెలుపు లెక్కలు

ఆసుపత్రిలో రోగి మంచము చెంత ఒక అట్టకు తగిలించిన కాగితము ఉండును. నర్సు నియమిత వేళలకు వచ్చి, అందులో కొన్ని అంకెలు వ్రాసి పోవుచుండును. చూచువారికి ఇది వట్టి లెక్కల పనివలె తోచును. కాని రోగికి రానున్న అపాయము తరచుగా మొట్టమొదట కనుపించునది ఆ కాగితము మీదనే.

అందులో వ్రాయునవి ముఖ్యముగా నాలుగు: శరీరపు వేడి, నాడి, శ్వాస, రక్తపు పోటు. ఇవి ప్రాణమునకు గుర్తులు. ఆరోగ్యముగా ఉన్న పెద్దవారు విశ్రాంతిగా కూర్చున్నపుడు నాడి నిమిషమునకు 60 మొదలు 100 వరకు, శ్వాస 12 మొదలు 20 వరకు ఉండును. రక్తపు పోటు సుమారు 120/80. నోటిలో చూచిన వేడి 98 డిగ్రీలకు అటు ఇటుగా ఉండి, ఉదయముకంటె సాయంకాలము కొంచెము హెచ్చును.

నాడిని వ్రేళ్లతో తాకి చూచుట చాల పాత పద్ధతి. దానిని గడియారముతో లెక్కించు విధానమును గూర్చి ఇంగ్లండులో జాన్ ఫ్లాయరు అను వైద్యుడు 1707లో ఒక గ్రంథము ప్రకటించెను. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున వుండర్‌లిష్ అను వైద్యుడు సుమారు 25,000 మంది రోగుల వేడిని కొలిపించి, ఆ ఫలితములను 1868లో వెల్లడించెను. జ్వరము ప్రత్యేకమైన వ్యాధి కాదనియు, వ్యాధికి గుర్తు మాత్రమేననియు దీనివలన స్థిరపడినది. చేతికి పట్టీ చుట్టి రక్తపు పోటును కొలుచు సాధనమును 1896లో ఇటలీలో రివా రోచి తయారుచేసెను. స్టెతస్కోపుతో ధ్వనులు విని పై పోటును, క్రింది పోటును తెలిసికొను మార్గమును 1905లో రష్యాలో కొరొట్‌కోవ్ చూపెను.

అయితే ఒక్క అంకెను బట్టి తెలియునది స్వల్పము. ముందటి అంకెతో పోల్చినపుడే దానికి అర్థము కలుగును. శస్త్రచికిత్స జరిగిన ఒక రోగి లెక్కలు ఈ విధముగా ఉన్నవనుకొనవచ్చును. మధ్యాహ్నము 2 గంటలకు నాడి 76, శ్వాస 16, పై పోటు 122. 4 గంటలకు నాడి 92, శ్వాస 20, పోటు 120. 6 గంటలకు నాడి 112, శ్వాస 26, పోటు 118.

పోటు మాత్రమే చూచినవారు రోగి బాగుగానే ఉన్నాడందురు. కాని లోపల రక్తము కారుచుండవచ్చును. రక్తము తగ్గినకొలది రక్తనాళములు ముడుచుకొనును. గుండె వేగముగా కొట్టుకొనును. ఈ రెండు ఉపాయములతో శరీరము పోటు పడిపోకుండ కొంతసేపు నిలుపుకొనును. కణములకు ప్రాణవాయువు చాలక ఆమ్లములు పెరుగుటచే, మెదడులోని శ్వాసకేంద్రము ఊపిరిని త్వరపెట్టును. ఈ ప్రయత్నము విఫలమైన పిదపనే పోటు పడిపోవును. అప్పటికి విలువైన కాలము గడచిపోవును.

ఇట్టి మార్పును అందరును ఒకే తీరున గుర్తించుటకై బ్రిటనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టి, 2017లో సవరించినది. ప్రతి లక్షణమునకు, అది మామూలునుండి తొలగినకొలది, 0 మొదలు 3 వరకు మార్కులు వేసి కూడుదురు. వేడి, స్పృహ, రక్తములోని ప్రాణవాయువు సరిగా ఉన్నను, పై రోగికి 2 గంటలకు 0, 4 గంటలకు 1, 6 గంటలకు 5 మార్కులు వచ్చును. 5 వచ్చినచో వైద్యుడు త్వరగా వచ్చి చూడవలెను.

వీనిలో తరచుగా అశ్రద్ధకు గురియగునది శ్వాస. దానిని కొలుచుటకు గడియారము, ఓపిక చాలును. లెక్కించుచున్నారని తెలిసినచో రోగి ఊపిరి తీరు మారును. కనుక నాడి చూచుచున్నట్లు మణికట్టు పట్టుకొనియే, రొమ్ము లేచి పడుటను నిండు నిమిషము లెక్కింతురు. దగ్గు గల పసిపిల్లల విషయమున ఈ లెక్క మరింత ముఖ్యము. 2 నెలలు మొదలు 12 నెలల లోపు బిడ్డకు నిమిషమునకు 50, ఏడాది మొదలు 5 ఏండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించి శ్వాసలున్నచో న్యుమోనియా అని అనుమానింపవలెను.

మనస్సు స్థితిని కొలుచు యంత్రము లేదు. పేరేమి, ఇది ఏ చోటు, నేడు ఏ వారము అని అడిగి తెలిసికొనవలెను. నిన్నటివరకు చక్కగా మాటలాడిన వృద్ధుడు నేడు పొంతన లేకుండ మాటలాడినచో, అది చాదస్తమని త్రోసివేయరాదు. వ్యాధి క్రిములు సోకుటయో, రక్తములో చక్కెర తగ్గుటయో, ప్రాణవాయువు చాలకపోవుటయో కారణము కావచ్చును. అందుచే బ్రిటిషు పద్ధతిలో క్రొత్తగా కలిగిన తికమకకు ఏకముగా 3 మార్కులు వేయుదురు. తలకు దెబ్బ తగిలినవారికి వేరొక కొలత కలదు. 1974లో గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు దీనిని రూపొందించిరి. కన్ను తెరచుటకు 4, మాటకు 5, అవయవముల కదలికకు 6 చొప్పున మొత్తము 15 మార్కులు. అన్నిటికంటె తక్కువ 3.

నొప్పి రోగికి మాత్రమే తెలియును. ఎక్కడ, ఎప్పటినుండి, ఎట్టిది అని అడుగవలెను. పోటు, సలుపు, మంట, తీపు అను తెలుగు మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క విధమైన బాధను తెలుపును. తీవ్రతకు 0 మొదలు 10 వరకు ఒక అంకె చెప్పుమందురు. చిన్నపిల్లలకు నవ్వు ముఖము మొదలు ఏడ్పు ముఖము వరకు బొమ్మలు చూపుదురు. మాటలాడలేనివారికి నొప్పి లేదనుకొనరాదు. ముఖము ముడుచుట, మూలుగుట, ఒక అవయవమును కదలనీయకుండుట దానికి గుర్తులు.

ఈ విషయమును తరగతిలో సులభముగా పరీక్షింపవచ్చును. విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకరి నాడిని, శ్వాసను మరియొకరు నిండు నిమిషము లెక్కించి వ్రాసికొనవలెను. మైదానము చుట్టు ఒకమారు పరుగెత్తి వచ్చి మరల లెక్కింపవలెను. 5 నిమిషములు ఆగి మూడవమారు లెక్కింపవలెను. పరుగు సంగతి తెలియనివానికి నడిమి వరుస మాత్రము చూపినచో, ఆ విద్యార్థి జబ్బుతో ఉన్నాడని తలచును. మూడు వరుసలను కలిపి చూచినవానికి నిజము బోధపడును.