కొండసీమ విద్యార్థికి తగిన గిటారు

సంగీతమందు అభిరుచి గల మన విద్యార్థులు నేడు వీణకంటె, వయొలిన్‌కంటె గిటారువైపే ఎక్కువగా మొగ్గు చూపుతున్నారు. ఇందుకు కారణాలు లేకపోలేదు. అది భుజాన వేసుకొని తీసుకుపోదగిన వాద్యం. ఒక్క మనిషి పాటకు తోడుగా నిలిచే వాద్యం. నాలుగైదు శ్రుతి సముదాయాలు చేతికి వచ్చిన నాటినుంచే ఆనందం పంచే వాద్యం. ఐనా కొన్నవారిలో అనేకులు కొద్ది నెలలకే దానిని గోడ మేకుకు తగిలించి మరచిపోతారు. అప్పుడు నింద విద్యార్థి ఓర్పు మీద, అతని వేళ్ల మీద పడుతుంది. నిజానికి చాలా సందర్భాలలో దోషం అతనిది కాదు, అతని చేతికి వచ్చిన వాద్యానిది.

ఈ సంగతి అరకులోయ, పాడేరు, అనంతగిరి వంటి తూర్పు కనుమల ప్రాంతాలనుంచి చదువులకు దిగి వచ్చే విద్యార్థుల విషయంలో మరింత ముఖ్యం. కాఫీ పండ్లు, మిరియాలు అమ్ముడైన రోజులలోనే ఆ ఇళ్లలో నాలుగు డబ్బులు కనిపిస్తాయి. ఆ డబ్బుతో కొన్న గిటారు పనికిమాలినదైతే రెండవది కొనే అవకాశం మళ్లీ రాదు. కనుక తక్కువ ధరలో మంచి గిటారును, అందులోనూ చిన్న శరీరం గల గిటారును, ఎట్లా గుర్తించాలో తెలుసుకొనడం అవసరం.

ముందుగా ఈ వాద్యం మనకు మరీ పరాయిది కాదని గ్రహించాలి. గిటారు అనే మాట గ్రీకుల 'కితార'నుంచి పుట్టి, అరబ్బుల 'కీతారా'గా మారి, స్పెయిను దేశం మీదుగా లోకమంతటా వ్యాపించింది. మన ఉర్దూ సోదరులు తీగను 'తార్' అంటారు. మూడు తీగలు కలది అనే అర్థంలో పారశీకులు పెట్టిన 'సెహ్‌తార్' అనే పేరే మన సితారుకు దక్కింది. వీణకు ఉన్నట్లే గిటారుకూ దండి, మెట్లు, బిరడలు, గుర్రం ఉన్నాయి. వీణ కుండ చేసే పనిని గిటారులో బోలుగా ఉన్న పెట్టె చేస్తుంది. ఈ పోలికలు గుర్తుంటే దుకాణంలో పరీక్ష సులభమవుతుంది.

గిటారు అనగానే పెద్ద పెట్టె గల వాద్యమే మన కళ్ల ముందు కదులుతుంది. ఐతే పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు గిటారులన్నీ చిన్నవే. స్పెయిను దేశపు శిల్పి ఆంటోనియో డి టోర్రెస్ నేటి శాస్త్రీయ గిటారుకు రూపురేఖలు దిద్దిన తరువాతనే పెట్టె కొంత విస్తరించింది. 1833లో అమెరికాలో ప్రారంభమైన మార్టిన్ సంస్థ 1916లో డిట్సన్ అనే వ్యాపార సంస్థ కోసం మరింత పెద్ద నమూనాను తయారుచేసి, 'డ్రెడ్‌నాట్' అనే బ్రిటిష్ యుద్ధనౌక పేరు దానికి పెట్టింది. ఇతర వాద్యాల నడుమ గిటారు ధ్వని మునిగిపోకుండ ఉండడానికి అటువంటి పెద్ద పెట్టె ఉపకరించింది. నేడు మన అంగళ్లలో వేలాడేవాటిలో ఎక్కువ భాగం ఆ యుద్ధనౌక సంతానమే.

మన విద్యార్థికి ఆ బిగ్గర ధ్వనితో పని ఏమిటి? థింసా నృత్యంలో తుడుము, డప్పు, మోరి, జోడుకొమ్ములు ఒక్కసారిగా మోగే చోట ఎంత పెద్ద గిటారైనా వినపడదు. హాస్టలు గదిలో, తరగతిలో, ఇంటి అరుగుమీద ఒక గొంతుకు తోడు పలకడానికి చిన్న గిటారే చాలు. పెద్ద పెట్టెలో మంద్రధ్వని గుమ్ముమని లేస్తుంది. చిన్నదానిలో ఆ గుమ్ముదనం తగ్గి మధ్యస్థాయి స్వరాలు స్పష్టంగా పలుకుతాయి. పాట మాట విడివిడిగా వినపడాలంటే ఈ గుణమే మేలు. పైగా కుడి భుజం పైకి లేవకుండ మోచేయి పెట్టె అంచు మీద హాయిగా ఆనుతుంది. కిక్కిరిసిన బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కేవారికి, కిరండూల్ రైలులో ఒడిలో పెట్టుకొని పోయేవారికి ఈ సౌకర్యం చిన్నది కాదు.

ఇక కొలతలు. డ్రెడ్‌నాట్ పెట్టె అడుగు భాగం వెడల్పు సుమారు 15.6 అంగుళాలు, లోతు ఐదు అంగుళాలకు దగ్గరగా ఉంటుంది. మార్టిన్ పద్ధతిలో ఒక సున్న అంటే సుమారు 13.5 అంగుళాలు, రెండు సున్నలు అంటే 14.3, మూడు సున్నలు అంటే 15 అంగుళాల వెడల్పు. లోతు కూడ తక్కువ. 'పార్లర్', 'కాన్సర్ట్' అనే పేర్లు వినపడితే అవి ఈ చిన్న కుటుంబానికి చెందినవని తెలుసుకోవాలి. ఐతే పెట్టె చిన్నదైనంత మాత్రాన తీగ పొడవు అదే నిష్పత్తిలో తగ్గదు. గుర్రంనుంచి బిరడల దగ్గరి పట్టెవరకు ఉండే తీగ పొడవు డ్రెడ్‌నాట్‌లో 645 మిల్లీమీటర్లు, మూడు సున్నల గిటారులో 632. ఈ కొద్ది తేడా వలననే తీగ బిగువు తగ్గి వేళ్లకు సుఖం కలుగుతుంది. పిల్లల కోసం చేసే ముప్పాతిక పరిమాణపు గిటారులలో తీగ పొడవు బాగా తగ్గుతుంది. యమహా వారి జె.ఆర్. 2 లో అది 540 మిల్లీమీటర్లు మాత్రమే. హైస్కూలు బాలునికి అది చాలు గాని, ఎదిగిన విద్యార్థి చేతికి మెట్లు ఇరుకవుతాయి.

తీగల విషయంలో మనవారు తరచు పొరపడుతున్నారు. గిటారులు రెండు జాతులు: నైలాను తీగలవి, ఉక్కు తీగలవి. ఉక్కు తీగలు ఆరూ కలిసి దండిని సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాను తీగల లాగుడు దాదాపు అందులో సగం. నైలాను కోసం చేసిన శాస్త్రీయ గిటారుకు గట్టి ధ్వని కోసం ఉక్కు తీగలు బిగిస్తే కొన్నాళ్లకే గుర్రం ఊడుతుంది, దండి వంగుతుంది. వేళ్లు మెత్తనివారు నైలాను జాతిని ఎన్నుకోవచ్చు. ఐతే దాని దండి వెడల్పు ఎక్కువ. ఉక్కు జాతి కావాలనుకొనేవారు మొదటి తీగ అంగుళంలో వెయ్యికి 10 లేక 11 పాళ్ల మందం గల సన్నని తీగల జతను అడగాలి. మన గమకాలు పలికించేటప్పుడు తీగను పక్కకు లాగవలసి ఉంటుంది గనుక సన్నని తీగ మనకు మరింత అనుకూలం.

చెక్క సంగతి కొండసీమకు దిగువనే ఉన్న బొబ్బిలి మనకు నేర్పుతుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి శిల్పులు పనస కొయ్యతో వీణలు చెక్కుతారు. కుండ, దండి కలిపి ఒకే మొద్దునుంచి తొలిచినదానిని ఏకాండి వీణ అంటారు. చెక్క జాతి, ఎండిన తీరు నాదాన్ని నిర్ణయిస్తాయని వారికి తెలుసు. గిటారులో నాదానికి ప్రధాన స్థానం పెట్టె పైచెక్క. దానికి తేలికగా, బిరుసుగా ఉండే స్ప్రూస్ వంటి చెక్క వాడుతారు. ఖరీదైనవాటిలో ఇది పొరలు లేని నిండు పలక. చౌకవాటిలో పొరలు అతికించిన ప్లైవుడ్. నిండు పలక ధ్వని మధురం, వాయించేకొద్దీ వికసిస్తుందని అంటారు. ఐతే అది గాలిలోని తేమకు త్వరగా ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, వానకాలమంతా మంచుతెరలో మునిగే అరకులో, గట్టి పెట్టె లేకుండ గిటారును ఉంచవలసిన విద్యార్థికి మొదటి వాద్యంగా చక్కగా చేసిన ప్లైవుడ్ గిటారే మన్నికైనది. దీనికి సిగ్గుపడవలసిన పని లేదు.

దుకాణంలో చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాయించడం రానివారు కూడ వీటిని చేయవచ్చు.

మొదట గిటారును బాణంవలె కంటి ఎదుట పట్టి దండి వెంబడి చూడాలి. మెలి తిరిగి ఉంటే అక్కడే వదలివేయాలి. రెండవది, పన్నెండవ మెట్టు దగ్గర తీగకు మెట్టుకు మధ్య ఎడం చూడాలి. అది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండడం మంచిది. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిపై ఒకటి దూరేటంత ఉంటే వేళ్లు నలిగిపోతాయి. మూడవది, పన్నెండవ మెట్టు తీగకు సరిగ్గా సగం గనుక అక్కడ తీగను నొక్కకుండ తాకి మీటితే వచ్చే స్వరమూ, నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటే కావాలి. తేడా ఉంటే ఆ గిటారు ఎన్నడూ శ్రుతిలో పలకదు. నాలుగవది, ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటాలి; ఎక్కడైనా జర్రుమనే శబ్దం వస్తే మెట్లు సమంగా లేవన్నమాట. ఐదవది, గుర్రం వెనుక పలుచని కాగితం దూర్చి చూడాలి. దూరితే జిగురు వదులుతున్నదని అర్థం. చివరగా దండి అంచుల మీద అరచేయి నిమిరి మెట్ల కొనలు గీసుకుంటాయేమో, బిరడలు గరగరలాడక సాఫీగా తిరుగుతాయేమో చూడాలి.

ఈ పరీక్షలకు నిలిచినది ఏ పేరుతో ఉన్నా మంచిదే. కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్, హోబ్నర్ వంటి దేశీయ గిటారులు చౌక. ఐతే ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ఉంటుంది గనుక నాలుగైదు చూసి ఒకటి ఏరుకోవాలి. యమహా వారి ఎఫ్.ఎస్. అక్షరాలు గల నమూనాలు డ్రెడ్‌నాట్ కన్న చిన్నవి, తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, ఎఫ్.ఎస్. 800 కు నిండు స్ప్రూస్ పలక ఉంటుంది. వీటి ధర ఎక్కువైనా ఒకదానికొకటి తేడా తక్కువ. దూరంనుంచి తెప్పించుకొనడం కంటె విశాఖపట్నం దాకా పోయి చేతితో పట్టి చూచి కొనడమే శ్రేయస్కరం. చేతిలోని పది రూపాయలలో ఎనిమిది మాత్రమే వాద్యానికి వెచ్చించి, మిగిలిన రెండింటిని తీగల ఎత్తు సరిచేయించడానికి, అదనపు తీగల జతకు, మందపాటి సంచికి ఉంచుకోవాలి. తీగల ఎత్తు సరిచేసిన చౌక గిటారు, సరిచేయని ఖరీదైన గిటారు కంటె సుఖంగా పలుకుతుంది.

కొన్న తరువాత కాపాడుకొనడమూ విద్యలో భాగమే. వానకాలంలో పైచెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. ఎముకలు కొరికే చలికాలపు పొడిగాలికి చెక్క ముడుచుకొని మెట్ల కొనలు బయటికి పొడుచుకువస్తాయి. గాలిలో తేమ నూటికి 45నుంచి 55 పాళ్లు ఉండడం గిటారుకు క్షేమం. గిటారును పొయ్యి పైన అటక మీద గాని, చెమ్మగిల్లే మట్టిగోడకు ఆనించి గాని, బస్సు టాపు మీద ఎండలో గాని ఉంచరాదు. వాయించిన పిమ్మట పొడిగుడ్డతో తీగలు తుడిచి సంచిలో పెట్టాలి.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఆటల కోసం బంతులు, బ్యాట్లు కొని అందరికీ అందుబాటులో ఉంచుతున్నాము. అట్లే రెండు చిన్న గిటారులు, ఒకటి ఉక్కు తీగలది, ఒకటి నైలానుది, కొని గ్రంథాలయంలో పుస్తకాలవలె వారానికొకరికి ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. కొనడానికి ముందు ఏ జాతి తన చేతికి సరిపోతుందో పేద విద్యార్థి తెలుసుకొనగలుగుతాడు. కొనలేనివాడు కూడ నేర్చుకొనగలుగుతాడు. ఏడాదికొక పర్యాయం కాఫీ డబ్బు కోసం ఎదురుచూచే ఇంటి బిడ్డకు ఇంతకు మించిన సహాయం ఉండదు. వచ్చే వార్షికోత్సవం నాటికి ఆ రెండు గిటారులు మన వేదిక మీద పలుకుతాయని ఆశిద్దాం.