బోరు నీళ్లు మరగబెడితే చాలా?

జోహన్నెస్‌బర్గ్ పసుపు దిబ్బల ఎపిసోడ్ విన్నాక ఒక శ్రోత అడిగారు: "మా ఇల్లు పాత గని దిబ్బకి దగ్గరే. బోరు నీళ్లు మరగబెట్టుకుంటే చాలాండీ?" చాలదు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

ఇక్కడ 1886లో బంగారం బయటపడింది. ఆ బంగారపు రాయిలోనే పైరైట్ కూడా ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, చూడ్డానికి అచ్చం బంగారంలా మెరుస్తుంది. భూమిలో ఉన్నన్నాళ్లూ దాంతో పేచీ లేదు. తవ్వి, పిండి చేసి బయట పోశాక గాలీ నీరూ తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాళ్లలోని ఇనుము, మాంగనీసు, యురేనియం వంటివాటిని కరిగించి నీళ్లలో కలిపేస్తుంది.

దిబ్బల్లోనే కాదు, సొరంగాల్లోనూ ఇదే జరుగుతుంది. గనులు నడిచినంతకాలం పంపులతో నీళ్లు తోడేవారు. మన బొగ్గుబాయిల దగ్గర పెరిగినవాళ్లకి ఇది తెలిసిందే. గనులు మూతపడ్డాయి, పంపులు ఆగాయి. ఒకదానితో ఒకటి కలిసిన సొరంగాలు మెల్లగా నిండి, 2002లో క్రూగర్స్‌డార్ప్, రాండ్‌ఫాంటైన్ వైపు ఆమ్లపు నీళ్లు పైకి పొంగాయి. అవి కలిసిన వాగు జంతువుల రిజర్వు గుండా పారుతుంది!

ఇప్పుడు ఆ నీటిని తోడి, సున్నం కలిపి వదులుతున్నారు. ఆమ్లం విరుగుతుంది, ఇనుము బురదగా దిగుతుంది, సల్ఫేటు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోతుంది. తవ్వుకున్న కంపెనీల్లో చాలా ఇప్పుడు లేవు, కాబట్టి ఖర్చు ఎవరిదన్న తగువు తెగదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇక మరగబెట్టడం సంగతి. దాంతో క్రిములు చస్తాయి, లోహాలు చావవు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో అవి చిక్కబడతాయి. తేటగా ఉన్నాయని నమ్మకండి. బకెట్లో పట్టి ఉంచితే నారింజ రంగుకి తిరిగే నీళ్లలో ఇనుముందని తెలుస్తుంది, కానీ యురేనియానికీ సల్ఫేటుకీ రంగు లేదు. ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు క్రిముల పరీక్ష ఒక్కటే కాకుండా పీహెచ్, సల్ఫేటు, భారలోహాలు, యురేనియం కూడా చూడమనండి. రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకీ మునిసిపల్ కుళాయి నీళ్లే వాడండి. అవి వాల్ డ్యామ్ వైపు నుంచి శుద్ధి అయి వస్తాయి, మీ బోరుతో సంబంధం లేదు.

ఆగస్టు గాలులకి దిబ్బల దుమ్ము పెరట్లోకి వస్తుంది. గోంగూర, తోటకూర వేసుకున్నవాళ్లు ఆకుని రెండుమూడు నీళ్లలో కడగండి, ఆ కడగడం కూడా బోరు నీళ్లతో వద్దు.