యాభై ఏండ్లకే వృద్ధుల సంఘమా?

గత మాసంలో నాకు యాభై ఏండ్లు నిండినవి. మా యింట పెద్దలకు పుట్టినరోజు చేసే ఆచారం లేదు గనుక, ఆ సంగతి నా భార్యకు, మా పాఠశాల గుమాస్తాకు తప్ప మరెవ్వరికీ తెలియదనుకొన్నాను. నాలుగవనాడు ఉదయం పాలపాకెట్టు చేతబట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ వెనుకనున్న మా కాలనీలోనికి తిరిగి వస్తూ ఉండగా, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులొకరు గేటు వద్ద నన్ను ఆపి మడతపెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టినారు. ఆయనకు డెబ్బది నాలుగేండ్లు. మా కాలనీ వయోవృద్ధుల సంఘానికి ఆయన కార్యదర్శి. ఆ కాగితం సభ్యత్వపు దరఖాస్తు.

"నాకు అప్పుడే ఎందుకు సార్?" అన్నాను.

"అరవై నిండినోళ్లకే ఓటు. యాభై నిండితే సహసభ్యుడు. సాలుకు మూడు వందలు. ఆలోచన చేసి చెప్పుండ్రి" అని ఆయన తన దారిన పోయినారు. లెక్కల ఉపాధ్యాయులకు మాటలు తక్కువ.

ఆ దరఖాస్తును మూడు వారాలు బల్లసొరుగులోనే ఉంచినాను. నిజం చెప్పవలెనంటే మనస్సు చివుక్కుమన్నది. తల నెరయుట వేరు, నెరసినదని ఇంకొకరు రసీదు వ్రాసి ఇచ్చుట వేరు. మా అమ్మకు డెబ్బది ఎనిమిదేండ్లు. ఆమె ఆ సంఘంలో పాత సభ్యురాలు. సంగతి చెప్పగా పకపక నవ్వి, "నువ్వు ముసలోడివైతే నేనేమైనట్టురా?" అన్నది. ఒకే యింటినుంచి తల్లీ కొడుకూ ఇద్దరూ వృద్ధుల సంఘానికి చందా కట్టుట ఎక్కడనైనా ఉన్నదా?

ఉండక తప్పని కాలం వచ్చినది. 1951 ప్రాంతంలో ఈ దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏండ్లు. నేడది 70 ప్రాంతంలో ఉన్నది. (ఆ 32 అన్న అంకెను విద్యార్థులు తరచు పొరపాటుగా చదువుతారు. ఆనాడు ముసలివారే లేరని దాని అర్థం కాదు. పసితనంలోనే పోయిన బిడ్డలు అనేకులు గనుక సగటు అంత దిగిపోయినది.) 2011 జనాభా లెక్కలనాటికే అరవై నిండినవారు పది కోట్లు దాటినారు. యాభై ఏండ్లవాని తల్లి జీవించి ఉండుట ఇప్పుడు విశేషం కానేకాదు.

ఇంతకూ వార్ధక్యం ఎప్పుడు ఆరంభమవుతుంది? మనుస్మృతి ఏండ్లు లెక్కపెట్టలేదు. ముఖం ముడతలు పడుట, తల నెరయుట, మనుమడు పుట్టుట అని గుర్తులు మాత్రమే చెప్పి గృహస్థును వనానికి పొమ్మన్నది. యాభై దాటితే వానప్రస్థమన్నది లోకంలో నిలిచిన లెక్క. మాకు అడవి దగ్గరలో లేదు. ఎల్.బి.నగర్ దాటితే వనస్థలిపురం ఉన్నది, ఆ పక్కనే జింకల వనమూ ఉన్నది గాని, అక్కడికి పోయినవాడు టిక్కెట్టు కొని లోపల తిరిగి పొద్దుగూకేలోపల ఇల్లు చేరవలసినదే.

ప్రభుత్వంవారి లెక్కలు మనువు లెక్కకంటె చిక్కుగా ఉన్నవి. 2007నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం అరవై నిండినవారే వయోవృద్ధులు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛనుకు 2022 నుంచి 57 చాలును. రైలు రాయితీ 2020 మార్చిలో ఆపివేయకముందు పురుషునికి 60, స్త్రీకి 58. ఇక ఉద్యోగుల సంగతి. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి ఒక్కసారిగా 55కు దింపినప్పుడు, నిన్నటిదాకా పాఠం చెప్పిన ఉపాధ్యాయులు తెల్లవారేసరికి విశ్రాంతులైనారు. తరువాత అది మరల 58 అయినది. 2021లో తెలంగాణ దానిని 61 చేసినది. ఒకే మనిషి ఒక కార్యాలయంలో వృద్ధుడు, పక్క కార్యాలయంలో ఇంకా పనిమంతుడు! ఇన్ని వాకిళ్ళున్న ఇంటిలో ఏ వాకిట ప్రవేశించినా తప్పు లేదని ఒక విధంగా నాకు ధైర్యం కలిగినది.

నా సహాధ్యాయి ఒకడు ఇరవై ఐదేండ్లనుంచి అమెరికాలో ఉన్నాడు. వానికీ ఈ సంవత్సరమే యాభై నిండినవి. ఫోనులో నా గోడు వినిపించగా నవ్వి, తనకును ఏఏఆర్‌పీ అనే సంఘంనుంచి సభ్యత్వానికి రమ్మని ఉత్తరం వచ్చినదన్నాడు. ఆ దేశంలో యాభై ఏండ్లవాని తలుపు తట్టకుండా ఆ సంఘం ఊరుకోదట. సభ్యులు మూడున్నర కోట్లకు పైమాటే. హోటలు గదులలో, భీమాలలో, కంటి అద్దాలలో వారికి రాయితీలు దొరకుతవి. మావాడు ఆ రాయితీలు లెక్కవేసుకొని చేరదలచినాడు.

కాని దాని పుట్టుక రాయితీలలో లేదు. దానిని స్థాపించినది ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే ఉపాధ్యాయిని. లాస్ ఏంజెలిస్‌లో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉండి, 1944లో తల్లికి సేవ చేయుటకై ఆమె పదవి విడిచినది. ఆ పిదప ఒక విశ్రాంత ఉపాధ్యాయిని పింఛను చాలక కోళ్ళ గూటిలో కాపురముండగా చూచినదని చెబుతారు. 1947లో విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం పెట్టినది. ముసలివారికి ఆరోగ్య భీమా ఇవ్వమని కంపెనీలు ముఖం తిప్పుకొనే ఆ రోజులలో తిరిగి తిరిగి 1956నాటికి తన సభ్యులకు దానిని సాధించినది. ఉపాధ్యాయులు కానివారుకూడ మాకును కావలెనని అడుగగా 1958లో ఈ పెద్ద సంఘం వెలిసినది. కార్డు చూపి కాఫీ మీద పైసలు తగ్గించుకొనేవారికి ఆ కోళ్ళ గూడు జ్ఞాపకముండునో లేదో.

అంత దూరం పోనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు ఆయనకు యాభై ఆరవ యేడు. అధ్యక్షులైన వీరేశలింగం పంతులుగారికి డెబ్బది ఒకటి. ఆ మే నెలలోనే వీరేశలింగంగారు కాలధర్మం చెందినారు. అంటే సమాజపు భారం వహించవలసినవాడు యాభై ఆరేండ్లవాడే. సవర భాషా నిఘంటువు వెలువడినది 1938లో, గిడుగువారి డెబ్బది ఐదవ యేట. ఈ సంగతులు ప్రతి ఆగస్టు 29న పిల్లలకు చెబుతూనే ఉన్నాను. నా సొరుగులోని కాగితానికి అవి తగులునని మాత్రం తోచలేదు.

ఇక మా దిల్‌సుఖ్‌నగర్ సంగతి. బయటివారికి ఇది కుర్రకారు పేట. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాలనుంచి, కృష్ణ దాటి కోస్తానుంచి పెట్టె చేతబట్టుకొని వచ్చిన పిల్లలతో హాస్టళ్ళు, కోచింగు సెంటర్లు నిండి ఉంటవి. గోడలమీద ఎక్కడ చూచినా పరీక్షల ప్రకటనలే. నేనును డీఎస్సీ పరీక్షకై ఇక్కడ మంచం అద్దెకు తీసుకొన్నవాడనే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుంచి ఎల్.బి.నగర్‌దాకా మెట్రో రైలు వచ్చినప్పటినుంచి ఆ సందడి మరింత పెరిగినది.

రోడ్డు వదలి రెండు మలుపులు లోపలికి పోతే కథ వేరు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీలలో ముప్పై నలభై ఏండ్లక్రిందట బ్యాంకు గుమాస్తాలు, పంతుళ్ళు, బస్సు కండక్టర్లు అప్పు చేసి కట్టుకొన్న ఇండ్లున్నవి. ఆ ఇండ్ల బిడ్డలే ఈ కోచింగు సెంటర్లలో చదివి సముద్రాలు దాటినారు. కొడుకు డల్లాసులో, కూతురు సిడ్నీలో, తండ్రి రెండవ అంతస్తులో, లిఫ్టు మరమ్మతులో. ఆరవ నిజాం నాడు తల్లిదండ్రులు లేని పిల్లలకై వెలసిన విక్టోరియా మెమోరియల్ హోమ్ మా పక్కనే ఉన్నది, ఆ పేరుతో మెట్రో స్టేషను కూడ ఉన్నది. దాని చుట్టూ పిల్లలు దగ్గర లేని తల్లిదండ్రులు నివసిస్తున్నారు.

వారికి మా సంఘం చేసేది ఘనకార్యమేమీ కాదు. నెలకొకసారి రక్తపు పోటు చూపించుట, బ్యాంకులో జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర పడకపోతే తోడు పోవుట, వృద్ధుల సహాయానికై ఉన్న 14567 నంబరును నీళ్ళ ట్యాంకు గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించుట. ఆ గోడ వ్రాతలో ఐదు అంకె కొంచెం వంకర పోయినది, లెక్కల సారుకు అది ఇప్పటికీ బాధ.

మూడవ వారం గడిచినపిదప ఆయన మరల వచ్చినారు. ఈసారి దరఖాస్తు ఊసెత్తలేదు. మా వీధిలో ఒక వితంతువు ఉన్నది. నాలుగేండ్లక్రిందట ఇల్లు కొడుకు పేర దానపత్రం వ్రాసి ఇచ్చినది. కొడుకు ఆ యిల్లు అద్దెకిచ్చి వేరే కాపురం పోయినాడు. ఆమెకు మిగిలినది మెట్లక్రింది గది. మందులకు డబ్బు ఆగి ఐదు మాసాలైనది. 2007 చట్టం క్రింద ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. తాను చేయలేని స్థితిలో ఉన్నవారు మరొక మనిషికిగాని, సంస్థకుగాని ఆ అధికారం ఇవ్వవచ్చునని చట్టంలోనే ఉన్నది. నెలకు పదివేలదాకా పోషణ ఇప్పించవచ్చును. దానపత్రం రద్దు మాటంటే అది చిక్కు. కొడుకు పోషించవలెనన్న షరతు ఉండితీరవలెనని 2022లో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరిలో మరొక తీర్పులో, ఇది వృద్ధుల మేలుకోరి చేసిన చట్టం గనుక ఉదారంగా చూడవలెనన్నది. ఆమె పత్రంలో షరతు లేదు. పత్రం వ్రాయునాడు కొడుకుతో షరతులు మాట్లాడే తల్లి ఎక్కడనుండి వస్తుంది?

"కాగితాలన్నీ తయారు చేసిన" అన్నారు సారు. "గాని ఆఫీసు రెండో అంతస్తుల ఉన్నది. నా మోకాళ్లు ఎక్కయి. మా అధ్యక్షునికి ఎనభై ఒకటి. మీరు పోతరా?"

మరునాడు సెలవు పెట్టి పోయినాను. ఆటోలో ఆమె దారి పొడుగునా ఒకటే మాట. "నా కొడుకు చెడ్డోడు గాదు బిడ్డా. ఇల్లు నాకొద్దు. మందులకిస్తే సాలు. వాన్ని జైలుకు పంపరు గద?" పంపరన్నాను. మెట్లు ఒక్కొక్కటి ఎక్కి, మధ్యలో రెండుసార్లు కూర్చుండి, పైకి చేరేసరికి పదకొండున్నర అయినది.

గుమాస్తా అర్జీ త్రిప్పి చూచి, "మీరు ఈమెకు ఏమవుతారు?" అన్నాడు. నేను తడబడినాను. బంధువును కాను, వకీలును కాను. అప్పుడతడు అర్జీకి గుచ్చిన ఉత్తరం పైకి చదివినాడు. 'మా సంఘ సహసభ్యులైన శ్రీ...' అని, దానిక్రింద నా పేరు, సభ్యత్వ సంఖ్యతోసహా, లెక్కల సారుగారి గుండ్రని దస్తూరిలో ఉన్నది. తేదీ చూతును గదా, మూడు వారాలక్రిందటి గేటు దగ్గరి నాటి తేదీ.

రసీదు ఇచ్చి, వాయిదా వచ్చే మాసం పన్నెండవ తారీఖున అన్నారు. క్రిందికి దిగునప్పుడు ఆమె నా భుజం పట్టుకొని దిగినది. చెట్టు క్రింద బల్లమీద ఆమెను కూర్చుండబెట్టి, సంచిలోనుంచి దరఖాస్తు తీసి అక్కడనే పూర్తి చేసినాను. వయస్సు అన్నచోట యాభై అని వ్రాసినాను. ఆమె చూచి, "నీకు యాభై ఉన్నయా? కనబడవు బిడ్డా" అన్నది.