మీకు తెలుసా? హైదరాబాద్ కన్నా హుస్సేన్ సాగరే వయసులో పెద్దది!

మొగల్తూరు వాళ్లు నరసాపురంలో రాత్రి రైలెక్కి, తెల్లారి సికింద్రాబాద్‌లో దిగితే పిల్లలు మొదట అడిగేది ట్యాంక్ బండే. నిజానికి అది హుస్సేన్ సాగర్ చెరువు గట్టు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1560లలో ఈ చెరువు తవ్వారు. హైదరాబాద్ ఊరు వెలిసి, చార్మినార్ కట్టింది 1591లో. అంటే చెరువు ముందు, ఊరు తర్వాత.

చెరువు నడుమ నిలబడ్డ బుద్ధుడు 58 అడుగుల ఏకశిల. భువనగిరి దగ్గర రాయగిరి గుట్ట రాయి. 1990 మార్చిలో పడవ మీద తెస్తుంటే విగ్రహం జారి నీట మునిగింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండేళ్లకు పైగా అడుగునే ఉండి, 1992లో పైకొచ్చింది. చెక్కుచెదరలేదు! లుంబినీ పార్కు నుంచి పడవలో వెళ్లి ఆ పాదాల దగ్గర తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది.

గట్టు మీద ఎన్టీఆర్ పెట్టించిన విగ్రహాల్లో మన రాజమహేంద్రవరం నన్నయ, వీరేశలింగం ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర కూడా ఉన్నాడు. డెల్టా నీళ్లు తాగినవాళ్లు ఆయన్ను పలకరించకుండా రావద్దు. సాయంత్రం వెళ్లండి, ఎండ తగ్గుతుంది, గాలి బాగుంటుంది. నీటి వాసన మాత్రం అన్ని రోజులూ భరించేలా ఉండదు.