కనబడి మాయమయ్యే డ్రైవు

1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి కంప్యూటర్లలో సమాచారమంతా తిరిగే పళ్లాలుగల హార్డ్ డిస్కులలో ఉండేది. చెడిపోయే డిస్కు తరచుగా టకటక చప్పుడు చేసి ముందే హెచ్చరించేది. నేటి సాలిడ్ స్టేట్ డ్రైవులో కదిలే భాగమేదీ లేదు. అది మౌనంగానే మొరాయిస్తుంది. ఒకనాడు కంప్యూటరు దానిని గుర్తిస్తుంది, మరునాడు గుర్తించదు.

ఇట్టి డ్రైవు మరల కనబడిన వెంటనే అందలి ఫైళ్లను వేరొకచోటికి నకలు చేసుకోవాలి. మరమ్మతు తరువాతి మాట. దాని కంట్రోలరు పూర్తిగా చెడితే చిప్పులలోని సమాచారాన్ని రాబట్టడం బహుకష్టం.

పిమ్మట బయోస్ తెరను పరిశీలించాలి. డ్రైవు అక్కడ కనబడి విండోస్‌లో కనబడకపోతే సాఫ్టువేరును శోధించాలి. అక్కడే కనబడకపోతే మొదట తీగలను అనుమానించాలి. సాటా డ్రైవుకు 7 పిన్నుల సమాచార తీగ, 15 పిన్నుల విద్యుత్ తీగ ఉంటాయి. వదులైన కొన వేడికో, కదలికకో సంబంధం తప్పి మరల కలుస్తుంది. జ్వరం వచ్చిపోయినట్లుండే ఈ దోషానికి తరచుగా కారణమిదే. స్మార్ట్ నివేదికలో సీఆర్‌సీ దోషాల లెక్క పెరుగుతూ ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, ముందు తీగను, తరువాత పోర్టును మార్చి చూడాలి. రెండూ ఒకేసారి మారిస్తే దోషి ఎవరో తేలదు. కొన్ని మదర్‌బోర్డులలో ఎం.2 గాడిని వాడినప్పుడు ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి ఉంటుంది.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో తీగ స్వల్ప ధరకే దొరుకుతుంది. మరొక కంప్యూటరులోనూ డ్రైవు మాయమైతే దోషం దానిదే. వారంటీ ఉంటే కంపెనీ డ్రైవును మార్చి ఇస్తుంది; అందలి సమాచారాన్ని మాత్రం ఇవ్వదు.