పాత వాహన భాగాలతో శాశ్వత అయస్కాంత మోటారు – పునర్నిర్మాణం, పరీక్ష

నూర్పిడి అనంతరం గాలి వీచని రోజుల్లో ధాన్యం తూర్పారబట్టడం చిన్న రైతులకు ఇబ్బందిగా మారుతుంది. విద్యుత్ సరఫరా లేని కళ్లాల్లో బ్యాటరీతో నడిచే చిన్న పంకా ఈ లోటును కొంతవరకు తీరుస్తుంది. పాత కార్ల రేడియేటర్ పంకాల్లోని 12 వోల్టుల శాశ్వత అయస్కాంత డి.సి. మోటార్లను బాగుచేసి ఇందుకు వినియోగించుకోవచ్చు.

పనిచేసే విధానం

మోటారు ఇనుప కవచం లోపల వంపు తిరిగిన ఫెర్రైట్ అయస్కాంతాలు, వాటి మధ్య రాగి తీగ చుట్టిన ఆర్మేచర్ ఉంటాయి. కార్బన్ బ్రష్‌లు, కమ్యుటేటర్ ద్వారా విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆర్మేచర్ తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు అందులో సరఫరాకు ఎదురుగా వ్యతిరేక విద్యుచ్చాలక బలం పుట్టి, విద్యుత్ ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. మోటారు బిగుసుకుపోతే ఈ అదుపు ఉండదు. ఉదాహరణకు నిరోధం 0.3 ఓం అయితే 12 వోల్టుల వద్ద 40 ఆంపియర్లు ప్రవహించి వైండింగ్ కాలిపోతుంది.

పునర్నిర్మాణం

• పాత తీగ తీసే ముందు ఒక్కొక్క గాడిలోని చుట్ల సంఖ్య, తీగ మందం, చుట్టిన దిశ, కమ్యుటేటర్ కలయికలను రాసిపెట్టుకోవాలి.
• గాడుల్లో ఇన్సులేషన్ కాగితం అమర్చి, అదే మందం గల ఎనామిల్ రాగి తీగను అన్ని గాడుల్లో సమానంగా చుట్టాలి. 24 వోల్టులకు మార్చదలిస్తే చుట్లు రెట్టింపు చేసి, తీగ అడ్డుకోత వైశాల్యాన్ని సగానికి తగ్గించాలి.
• తీగ కొనలను కమ్యుటేటర్‌కు గట్టిగా అతికి, వార్నిష్ పట్టించి పూర్తిగా ఆరనివ్వాలి.
• మల్టీమీటరుతో పరీక్షించినప్పుడు కమ్యుటేటర్‌కు, షాఫ్టుకు మధ్య విద్యుత్ ప్రసారం ఉండరాదు.
• ఫెర్రైట్ పింగాణీ వలె పెళుసుగా ఉంటుంది కనుక కవచాన్ని సుత్తితో కొట్టరాదు.

అయస్కాంత బలం పరీక్ష

లోడు లేకుండా వేగంగా తిరిగే మోటారే మంచిదన్న అభిప్రాయం సరికాదు. ఒకే వైండింగ్ గల రెండు మోటార్లలో అయస్కాంతాలు బలహీనపడినదే ఎక్కువ వేగంతో తిరుగుతుంది. దీనిని గుర్తించడానికి మోటారు షాఫ్టును డ్రిల్లింగ్ యంత్రంతో నిర్ణీత వేగంలో తిప్పి, బ్రష్‌ల వద్ద పుట్టే వోల్టేజీని కొలవాలి.

నిమిషానికి 1,000 భ్రమణాల వద్ద ఒక మోటారు 4 వోల్టులు, అదే రకానికి చెందిన మరొకటి 3 వోల్టులు ఇచ్చాయనుకుందాం. లోడు లేనప్పుడు 12 వోల్టులకు మొదటిది సుమారు 3,000, రెండవది సుమారు 4,000 భ్రమణాలు చేస్తుంది. అయితే ఒకే తిప్పుడు బలం ఇవ్వడానికి రెండవదానికి మూడో వంతు ఎక్కువ విద్యుత్తు కావాలి. దాని వైండింగ్‌లో వేడి దాదాపు 1.8 రెట్లు పుడుతుంది. కనుక ఎక్కువ వోల్టేజీ ఇచ్చిన మొదటి మోటారునే ఎంచుకోవాలి.

సామర్థ్య పరిమితి

12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసుకునే మోటారుకు అందేది 120 వాట్లు. 60 శాతం దక్షతతో షాఫ్టు వద్ద లభించేది 72 వాట్లు, అనగా అశ్వశక్తిలో పదో వంతు కన్నా తక్కువ. ఇది తూర్పార పంకాకు సరిపోతుంది గాని సాగునీటి పంపుకు చాలదు. 40 ఆంపియర్-గంటల లెడ్ ఆసిడ్ బ్యాటరీలో సగం వరకే వాడుకుంటే సుమారు 2 గంటలు నడుస్తుంది.

జాగ్రత్తలు

బ్యాటరీకి దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరిగా అమర్చాలి. పంకా రెక్కలకు జాలీ బిగించాలి. తొలిసారి 10 నిమిషాలు నడిపి, కవచం చేయి పెట్టలేనంతగా వేడెక్కితే లోడు తగ్గించాలి. విద్యుత్తు లేకుండా అయస్కాంతాలతోనే నిరంతరం తిరిగే మోటారు అంటూ ఎవరైనా అమ్మజూపితే రైతులు నమ్మి డబ్బు చెల్లించరాదు. అయస్కాంతం శక్తిని ఉత్పత్తి చేయదు. బ్యాటరీ ఇచ్చిన విద్యుత్ శక్తి యాంత్రిక శక్తిగా మారడానికి మాత్రమే తోడ్పడుతుంది.