టెలివిజను కొనుటకు ముందు

గ్రామ పంచాయతీ సొమ్ముతో కొనిన వస్తువు గ్రామస్థులందరి సొత్తు. అందులకు వెచ్చించిన ప్రతి రూపాయికిని సభ్యులు గ్రామసభలో జవాబు చెప్పవలసియుండును. పాఠశాలకో, అంగన్‌వాడీకో, పంచాయతీ కార్యాలయమునకో ఒక టెలివిజను కావలెనని తీర్మానించి మెదక్ పట్టణములోని దుకాణమునకు పోవు సభ్యులకు నేడు రెండు మాటలు తరచుగా వినవచ్చును. మొదటిది "రిఫ్రెష్ రేటు". రెండవది "కంపెనీ పేరు". వీని అర్థమును ముందుగానే గ్రహించి పోయినచో అనవసర వ్యయము తప్పును. కొనిన సెట్టు ఏడాదికే మూలబడకుండును.

మెదక్ ప్రాంతపు పూర్వానుభవము

గ్రామములో పదిమంది కూడి టెలివిజను చూచుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు "సైట్" అను ఉపగ్రహ బోధనా ప్రయోగము దేశమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో జరిగినది. నాటి ఆంధ్రప్రదేశ్‌లో అందులకు ఎన్నుకొన్న జిల్లాలలో ఉమ్మడి మెదక్ జిల్లా ఒకటి. ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము నుండి కార్యక్రమములు నేరుగా గ్రామములకు చేరెడివి. ఉదయము గంటన్నర పిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు ప్రసారములుండెడివి. సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారు చేసినది.

ఆ ప్రయోగములో సెట్లను పంచుటతో పని ముగిసినదని ఎవరును తలపలేదు. చెడిన సెట్టును బాగుచేయుటకు మరమ్మతు కేంద్రములను, పనివారిని, విడిభాగములను ముందే సిద్ధపరచిరి. ఈ పాఠము నేటికిని విలువైనదే.

రిఫ్రెష్ రేటు అనగా నేమి?

తెరపై బొమ్మ కదలుచున్నట్లు మనకు తోచునే గాని, నిజమునకు అది వెంటవెంట మారెడి నిశ్చల చిత్రముల వరుస. తెర తన బొమ్మను సెకనునకు ఎన్నిమార్లు క్రొత్తగా దిద్దుకొనునో ఆ లెక్కయే రిఫ్రెష్ రేటు. దీనిని హెర్ట్జ్‌లలో చెప్పుదురు. 60 హెర్ట్జ్ తెర సెకనునకు 60 మార్లు, 120 హెర్ట్జ్ తెర 120 మార్లు దిద్దుకొనును. తెరపై ఒక్కొక్క బొమ్మ నిలుచు కాలము తగ్గిన కొలది, వేగముగా పరుగెత్తు బంతి అంచులు అలికినట్లుగాక స్పష్టముగా కనిపించును.

అయితే తెర ఎంత వేగము గలదైనను, దానికి వచ్చి చేరు చిత్రముల సంఖ్య వేరు. సినిమాను సెకనునకు 24 చిత్రముల చొప్పున తీయుదురు. మన దేశపు టెలివిజను ప్రసారములు సెకనునకు 25 పూర్తి చిత్రములను, అనగా 50 అర్ధచిత్రములను పంపు పద్ధతిలో సాగుచున్నవి. 24 చిత్రముల సినిమాను 60 హెర్ట్జ్ తెరపై చూపునపుడు భాగహారము సరిపోదు. కావున ఒక చిత్రమును రెండుమార్లు, తరువాతి దానిని మూడుమార్లు చూపవలసి వచ్చును. అందువలన కెమెరా మెల్లగా తిరుగు దృశ్యములలో స్వల్పమైన కుదుపు కనిపించును. 120ని 24చే భాగించిన సరిగా 5 వచ్చును గనుక, 120 హెర్ట్జ్ తెరపై ఆ కుదుపు ఉండనవసరము లేదు.

ఈ సౌకర్యము మంచిదే. కాని పాఠములు, వార్తలు, వ్యవసాయ కార్యక్రమములు, టి-సాట్ తరగతులు చూచుటకు 60 హెర్ట్జ్ తెర చాలును. 120 హెర్ట్జ్ యొక్క పూర్తి ప్రయోజనము వీడియో ఆటలాడువారికి, సినిమాను మిక్కిలి శ్రద్ధతో చూచువారికి దక్కును. నలుబదిమంది పిల్లలు కూర్చుండు గదిలో అదనపు హెర్ట్జ్‌కు వెచ్చించు ధనముతో మరికొంత పెద్ద తెరను, పగటివెలుగులోను కనిపించు కాంతిని, వెనుక బెంచీకి వినిపించు ధ్వనిని సమకూర్చుకొనుట మేలు.

మరియొక జాగ్రత్త గలదు. ప్రకటనలలో "మోషన్ రేటు 240" వంటి అంకెలు కనిపించును. అవి తెర యొక్క నిజమైన రేటు కానక్కరలేదు. రెండు చిత్రముల నడుమ కల్పిత చిత్రములను చొప్పించుట, వెనుక దీపమును ఆర్పి వెలిగించుట వంటి ఉపాయములను లెక్కలో కలిపి చెప్పు అంకెలు. కొన్ని సెట్లు చిత్రపు స్పష్టతను తగ్గించుకొని మాత్రమే 120ని చేరును. "పూర్తి స్పష్టతతో ప్యానెల్ యొక్క అసలు రేటు ఎంత?" అని అడిగి, దానిని కొటేషనులో వ్రాయించుకొనవలెను.

పేరును నమ్ముట యెట్లు?

పాత పేరు గల కంపెనీ సెట్టు చెడదని తలచుట సహజము. కాని పేరు, తయారీదారు వేరువేరు కావచ్చును. జపాను దేశపు తోషిబా తన టెలివిజను వ్యాపారమును 2018లో చైనా సంస్థయైన హైసెన్స్‌కు అప్పగించినది. థామ్సన్, కోడాక్ పేర్లతో మన దేశమున అమ్మిన టెలివిజనులను, ఆ పేర్లను వాడుకొను అనుమతి పొందిన భారతీయ సంస్థ తయారు చేసినది. ఇందు మోసమేమియు లేదు. ఆ సెట్లు మంచివి కావచ్చును. అయితే పూర్వపు కీర్తిని బట్టి గాక, నేడు బాధ్యత వహించువా రెవరో తెలిసికొని కొనవలెను.

కావున అడుగవలసిన ప్రశ్నలివి. మరమ్మతు చేయువాడు మెదక్‌లో ఉన్నాడా, లేక హైదరాబాదు నుండి రావలెనా? సెట్టును మనమే మోసికొని పోవలెనా? ప్యానెల్‌కు వారంటీ ఎన్ని సంవత్సరములు? పగిలిన తెరకు, పిడుగుపాటుకు వారంటీ వర్తించునా? అన్నిటికంటె ముఖ్యమైనది: కొన్ని కంపెనీల వారంటీ గృహోపయోగమునకే పరిమితము. పాఠశాలలోను, కార్యాలయములోను వాడినను వర్తించునని వ్రాతపూర్వకముగా పొందనిచో, చెడిననాడు పంచాయతీకి చిక్కులు కలుగును.

కొనునపుడు, కొనిన తరువాత

భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, దాని క్రింద "ఆర్"తో ప్రారంభమగు రిజిస్ట్రేషను సంఖ్యను చూడవలెను. ఆ సంఖ్యను "బి.ఐ.ఎస్. కేర్" యాప్‌లో సరిచూచుకొనవచ్చును. విద్యుత్ పొదుపును తెలుపు నక్షత్రములను గమనింపవలెను. దుకాణములో చూపెడి మెరుగు చిత్రములతో తృప్తిపడక, వార్తా ప్రసారమున తెర క్రింద పరుగెత్తు అక్షరములను, ఒక కబడ్డీ పోటీని పెట్టించి గది వెనుక నుండి చూడవలెను.

రసీదును, వారంటీ పత్రమును, సెట్టు సంఖ్యను పంచాయతీ రిజిస్టరులో చేర్చవలెను. ఉరుములు మెరుపులు గల వేళ ప్లగ్గును, కేబులును ఊడదీయు బాధ్యతను ఒకరికి అప్పగించవలెను. వారంటీ కాలములో న్యాయము జరుగనిచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు.

తెర ఎన్నిమార్లు మారునన్న దానికంటె, ఆ సెట్టు ఎన్నేండ్లు వెలుగుచుండునన్నదే గ్రామమునకు ప్రధానము. ఈ సంగతిని మనసునందుంచుకొని బేరమాడిన సభ్యుడు గ్రామధనమును కాపాడినవాడగును.